గుప్తికర్ర

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, ముసలివాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో నా ఉద్యోగం. అక్కడ సగం మందికి చేతికర్రలున్నాయి. పొద్దున రాత్రి షిఫ్టు వాళ్ల దగ్గర డ్యూటీ తీసుకోగానే వాటి అడుగున ఉండే రబ్బరు బుడిపెలు అరిగాయేమో చూడటం నా పనుల్లో ఒకటి. అరిగితే తడి నేల మీద కర్ర జారుతుంది. గుంటూరులో బీఫార్మసీ చదివి, ఏజెంటుకి అప్పు చేసి కట్టి వచ్చింది ఇందుకా అని మొదట్లో ఏడుపొచ్చేది. ఆ గొడవ ఇప్పుడొద్దు.

బస్సు డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన మాత్రం తన కర్రని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. దాని పిడి కుక్క తల ఆకారంలో ఉంటుంది. లోపల కత్తి ఉందేమోనని నా అనుమానం. ఈ పిచ్చి మా తాతయ్య అంటించిందే. బ్రాడీపేటలో మా ఇంట్లో మంచం కింద ట్రంకుపెట్టె నిండా ఆయన డిటెక్టివ్ నవలలు. వాటిలో జమీందారు చేతికర్రతో దిగాడంటే నాలుగు పేజీలు తిరక్కుండానే అందులోంచి కత్తి బయటికి రావాల్సిందే. దాన్ని గుప్తి అంటారని చెప్పింది ఆయనే. ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "పిడి తిప్పి చూడరా!" అన్నాడు.

చివరికి పెద్దాయన్నే అడిగేశాను. నవ్వి, షెర్లాక్ హోమ్స్‌ని మళ్లీ బతికించిన 1903 నాటి కథ, 'ది ఎంప్టీ హౌస్' చెప్పాడు. హోమ్స్‌ని చంపడానికి కల్నల్ మోరన్ అనేవాడు చీకటి గదిలోకి చేతికర్రలాంటిదేదో పట్టుకుని వస్తాడు. నేల మీద పెడితే ఖంగుమంటుంది. చూస్తుండగానే అది తుపాకీ అయిపోతుంది. గాలితో పేలేది కాబట్టి పెద్దగా చప్పుడుండదు. చేసినవాడు వాన్ హెర్డర్ అనే గుడ్డి జర్మన్ మెకానిక్. "కర్ర గుట్టు చప్పుడులో ఉంటుంది" అని ఆయన తన కర్రని కింద పడేశాడు. టక్కుమంది. ఉత్త చెక్క. బ్రిటన్‌లో గుప్తికర్రల తయారీ, అమ్మకం 1988లోనే నిషేధించారట. 2021 నుంచి ఇంట్లో దాచుకున్నా నేరమే. వందేళ్లు దాటిన పాతవాటికి మాత్రం మినహాయింపు. "బస్సు డ్రైవరుకి అంత పాత సొత్తు ఎక్కడిదయ్యా" అన్నాడు.

ఈ ఉద్యోగంలోకి వచ్చాక ఆ నవలల మీద నాకు నమ్మకం పోయింది. చెయ్యి వదులుగా వేలాడేస్తే మణికట్టు ఎక్కడికొస్తుందో కర్ర పిడి అక్కడుండాలి. నొప్పి కుడికాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కథల్లో కుంటే విలన్లు చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. పైగా గుప్తికర్రకి బరువంతా పడే పిడి దగ్గరే అతుకు! అలాంటి కర్ర మీద ఆనుకుంటే కత్తి కన్నా ముందు మనిషి కింద పడతాడు.

పోయిన సంక్రాంతికి తాతయ్య బాత్రూంలో జారిపడ్డాడు. కుడి మోకాలు పట్టేసింది. కర్ర తెస్తే విసిరికొట్టాడట, "నేనేమన్నా ముసలాణ్ణా?" అని. వయసు ఎనభై నాలుగు. అమ్మ చేత చెప్పులతో నిలబెట్టి కొలత తీయించాను, నేల నుంచి మణికట్టుకి ముప్పై నాలుగు అంగుళాలు. ఇక్కడ పాత సామాన్ల షాపులో ఆరు పౌండ్లకి మంచి కర్ర దొరికితే సరిగ్గా అంతకి కోయించాను. మాంచెస్టర్ ఎయిర్‌పోర్టులో దాన్ని ఎక్స్‌రేలో పెట్టి చూసి, మాట్లాడకుండా ఇచ్చేశారు.

గన్నవరంలో దిగి ఇంటికెళ్లాక తాతయ్య చెవిలో చెప్పాను.

"లోపల కత్తి ఉంది. ఎవరికీ చెప్పకు."

తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎయిర్‌పోర్టులో పట్టుకోలేదూ?"

"అదే కదా పనితనం! కర్ర ఎడమ చేత్తోనే పట్టుకో. దూయాలంటే కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి."

ఇప్పుడు రోజూ అరండల్‌పేట దాకా నడిచొస్తున్నాడని అమ్మ చెప్పింది. పార్కులో స్నేహితులెవర్నీ కర్ర తాకనివ్వడట. మొన్న ఆదివారం ఫోన్ పట్టుకుని పెరట్లోకెళ్లి గుసగుసగా అడిగాడు.

"ఒరేయ్, పిడి ఎటు తిప్పాలో చెప్పలేదు."

"కుడికి తాతయ్యా. అవసరం వస్తేనే."

"ఆ మాత్రం తెలీదా?" అని పెట్టేశాడు.