గిటార్ల నుంచి పియానో దాకా

రాత్రి నిద్ర పట్టక ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ ఆల్బమ్‌లన్నీ వరుసపెట్టి విన్నాను. 2006లో వచ్చిన మొదటిదాని నుంచి 2022 నాటి ‘ద కార్’ వరకు.

ఆ మొదటిదాంట్లో ఊపిరి పీల్చుకునే సందే ఉండదు. మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్ వెనక నుంచి తరుముతుంటే, గాయకుడు అలెక్స్ టర్నర్ తన ఊరు షెఫీల్డ్ యాసలోనే క్లబ్బుల ముందు గొడవలు, అర్ధరాత్రి టాక్సీల కబుర్లు గబగబా చెప్పేస్తాడు. బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,60,000 కాపీలు దాటింది. అంత హిట్టయ్యాక ఎవరైనా అదే పట్టుకుని కూర్చుంటారు కదా! వీళ్లు మాత్రం 2009లో వచ్చిన ‘హంబగ్’ కోసం అమెరికన్ రాక్ గిటారిస్ట్ జాష్ హోమీతో కాలిఫోర్నియా ఎడారికి వెళ్లిపోయారు. వేగం తగ్గింది, గిటార్లు బరువెక్కాయి. 2013 ‘ఏఎం’లో హిప్‌హాప్ లయ వచ్చి చేరింది.

2018లో ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ క్యాసినో’ వచ్చినప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. టర్నర్ 30వ పుట్టినరోజుకు మేనేజర్ ఇచ్చిన స్టైన్‌వే పియానో ముందు కూర్చుని, చంద్రుడి మీద ఓ హోటల్ ఉన్నట్టు ఊహించుకుని కట్టిన పాటలవి. చంద్రుడి మీద హోటలేంటి, గిటార్లేవి అనుకుని, రెండు పాటలకే ఆపేసి మళ్లీ ముట్టుకోలేదు.

నిన్న లైట్లార్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పియానో పక్కన ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందో! ఒక్కో మాట దగ్గర ఆగుతూ, సాగదీస్తూ పాడుతున్నాడు. అదే హెల్డర్స్ ఇక్కడ డ్రమ్స్‌ని తాకీ తాకనట్టు వాయిస్తున్నాడు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అన్నేళ్లు దాన్ని పక్కన పెట్టేసినందుకు బాధేసింది.