రికార్డులో లేని కుంట

మొన్న ఆదివారం మా ఊరి హైస్కూలు కుంటలో మళ్లీ నీళ్లు నింపాం. ఒళ్లునొప్పులు ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

కుంట అంటే పెద్దదేం కాదు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మేం తొమ్మిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు మా చేతే తవ్వించి సిమెంటు చేయించారు. కలువలు, తూనీగలు, గట్టు మీద లకుముకి పిట్ట. తర్వాత్తర్వాత అందులోకి విరిగిన బెంచీలు, సున్నం బస్తాలు, గుట్కా ప్యాకెట్లు చేరాయి. పక్కనున్న తోట సర్కారు తుమ్మ పాలైంది.

పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మాట వేశాను. నూట నలభై మంది బొటనవేలు చూపించారు. పార పట్టుకుని వచ్చింది ఏడుగురు. హెడ్మిస్ట్రెస్ మేడమ్ వెంటనే సరేనన్నారు. కాకపోతే, "పైనుంచి ఒక కాగితం తెచ్చుకోండి సార్, రేపేదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నారు. ఆవిడ భయం న్యాయమే.

ఆ కాగితం కోసం పై ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి ఆఫీసరు సారు మీటింగులో ఉన్నారు. రెండోసారి అర్జీ పైపైన చూసి, గది నిండా జనం ఉండగా, "ఏమండీ, సర్పంచ్‌గా నిలబడుతున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేశాను. ఎవరొచ్చినా ముందు కూర్చోమనేవాణ్ణి. ఇక్కడ ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది, నేను నుంచునే ఉన్నాను.

మూడోసారి వెళ్తే, "రికార్డు ప్రకారం ఆ స్కూల్లో కుంట లేదు. లేని కుంటకు మరమ్మతేంటి?" అన్నారు. ఫోనులో ఫోటో చూపించాను. "ఫోటో రికార్డు కాదు." పోనీ కొత్తగా తవ్వుతున్నట్టు ఇవ్వండి అన్నాను. "కొత్తదానికి పర్మిషన్ లేదు. పిల్లలు పడతారు, డెంగ్యూ వస్తుంది."

డెంగ్యూ అనగానే నా చూపు మూలనున్న పాడైన కూలరు మీద పడింది. ట్రేలో నాలుగు వేళ్ల నీళ్లు, వాటిలో మెలికలు తిరుగుతున్న లార్వాలు. డెంగ్యూ దోమ పెరిగేదే అలాంటి చోట. కూలర్లు, టైర్లు, కొబ్బరి చిప్పలు. చేపలు, తూనీగ పిల్లలు తిరిగే కుంటలో లార్వా బతికి బట్టకట్టడం కష్టం. ఇదంతా ఆయనకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "మాకు పాఠం చెప్పడానికొచ్చారా?" అని ఫైలు పక్కన పడేశారు.

టీ బడ్డీ దగ్గర అటెండరు నా పక్కన నిలబడి, "సార్, కుంట అని రాయకండి. తోటలో నీటి తొట్టి శుభ్రం చేసుకుంటామని రాయండి" అన్నాడు. ఆ ఒక్క మాట మార్చాను. నాలుగోసారి పది నిమిషాల్లో సంతకం అయింది. చదివారో లేదో కూడా తెలీదు. మీరెవరైనా ఇలాంటి పని తలపెడితే ఆఫీసరు కంటే ముందు అటెండర్ని పలకరించండి.

ఇక పని. తొమ్మిది ఆదివారాలు పట్టింది. బీటలు పూడ్చిన వెంటనే చేపలు వదలొద్దు. కొత్త సిమెంటు సున్నం కక్కుతుంది, చేపలు చస్తాయి. మేం అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, మూడు వారాల్లో మూడుసార్లు నీళ్లు మార్చాం. ఒకాయన గంబూసియా చేపలు ఇప్పిస్తానన్నాడు, వద్దన్నాం. దోమల కోసం 1920ల్లో మన దేశానికి తెచ్చిన చేప అది. లార్వాలతో ఆగదు, తోకకప్పల్నీ మన చేపల పిల్లల్నీ కూడా తింటుంది. పంటకాలవలో పరిగె చేపలు పట్టి తెచ్చి వదిలాం. కప్పలు ఎక్కి దిగడానికి ఒక పక్క రాళ్లు మెట్లలా పేర్చాం, పిల్లల కోసం చుట్టూ నడుమెత్తు కంచె కట్టాం. తోటలో సీతాకోకచిలుకల కోసం నిమ్మ, కరివేపాకు నాటాం. ఆకుల మీద పురుగు కనిపిస్తే మందు కొట్టొద్దని మధ్యాహ్న భోజనం వండే ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను.

బుధవారం రాత్రి వాన పడింది. గురువారం పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్. "అయ్యా, రాత్రంతా కప్పలే. కన్ను మూతపడలేదు. ఎవరికైనా చెప్పండి." కావాలంటే అర్జీ పెట్టుకోమన్నాను. కుంటలో కప్పలు అని మాత్రం రాయొద్దని, తొట్టిలో అని రాయమని చెప్పాను.