సాలీడురాణి దుస్తులు పోయాక

మూడు వారాల కిందట రాత్రి పని ముగించుకుని ఆటలోకి లాగిన్ అయ్యాను. నా పాత్ర ఉండాల్సిన చోట బూడిదరంగు చొక్కా, బూడిదరంగు ప్యాంటు తొడుక్కున్న బొమ్మ నిలబడి ఉంది. నెత్తిమీద పేరు లేదు, ‘హీరో’ అని రాసి పక్కన ఏడంకెల సంఖ్య. లెవెల్, ఆయుధాలు, స్నేహితుల జాబితా అన్నీ ఉన్నాయి. రూపం ఒక్కటే పోయింది. మెయిల్ చూస్తే ఒకే వాక్యం: మీ పాత్ర ఇతరుల హక్కులకు భంగం కలిగిస్తున్నందున మార్చాం.

రెండేళ్లు ఆడిన పాత్ర అది. పేరు సాలీడురాణి. ముదురాకుపచ్చ, నలుపు దుస్తులు, మోకాళ్ల దాకా బూట్లు, నడివయసు ముఖం, ఎడమ కనుబొమ మీద గాటు. ఎత్తు 62, భుజాలు 41, దవడ 18... స్లైడర్ల అంకెలన్నీ నోట్‌బుక్కులో రాసి పెట్టుకునే అలవాటు నాది. ఛాతీ మీది గుర్తుకే రెండు సాయంత్రాలు పట్టింది. ఆట ఇచ్చే ఆకారాల్లోంచి ఒక గుండ్రం, దాని కింద కోడిగుడ్డు ఆకారం, వాటికి ఎనిమిది వంపు గీతలు. ఒక్కో గీతనూ తిప్పి, సాగదీసి, కీళ్ల దగ్గర అతికించి సాలీడును చేశాను. ముఖం పైసగం ముసుగు. ముసుగు మీద సాలెగూటి గీతలు.

ఆ ముసుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి నాకు ప్రాణమైన ఒక హీరోది. దాన్ని నేను దాచను. కానీ మిగతాదంతా నాది. అందుకే మొదటి రోజు కోపం, రెండో రోజు నుంచి ఒకటే ప్రశ్న: ఇందులో ఏది తప్పు? పేరా, గుర్తా, ముసుగా, మూడూ కలిసా? అదే అడుగుతూ సపోర్ట్‌కు టికెట్ పెట్టాను. మొదటి మెయిల్లోని వాక్యమే మళ్లీ వచ్చింది.

కాపీరైట్ ఆలోచనకు ఉండదు, ఆ ఆలోచనను మలిచిన తీరుకు ఉంటుంది. సాలీడు శక్తులున్న మనిషి అనేది ఆలోచన, అది ఎవరి సొత్తూ కాదు. ఆకుపచ్చ రంగు ఎవరిదీ కాదు. ఒట్టి పేరుకు కూడా కాపీరైట్ ఉండదు, దాని సంగతి ట్రేడ్‌మార్క్ చూసుకుంటుంది. అయితే ఇలాంటి చిన్న చిన్నవి ఒక పద్ధతిలో కలిసి, చూడగానే ‘వీడు ఫలానా’ అనిపించే స్థాయికి వస్తే ఆ పాత్రకే రక్షణ దొరుకుతుంది. బ్యాట్‌మన్ నడిపే కారు బ్యాట్‌మొబైల్‌కు నకళ్లు తయారుచేసి అమ్మిన వ్యక్తి మీద డీసీ కామిక్స్ వేసిన కేసులో 2015లో అమెరికా అప్పీలు కోర్టు మూడు విషయాలు చూడాలంది. పాత్రకు ఆలోచనతో పాటు రూపం కూడా ఉండాలి, ఎక్కడ కనబడినా గుర్తుపట్టేంత నిలకడైన లక్షణాలు ఉండాలి, అవి ప్రత్యేకమైనవీ అయ్యుండాలి. కారుకు ఉన్న గబ్బిలం పోలికను, దాని హంగులను కోర్టు పేరుపేరునా చెప్పి మరీ తీర్పిచ్చింది. అమ్మితేనే తప్పు, ఊరికే ఆడుకుంటే ఏమీ కాదు అని మా గిల్డ్‌లో, అంటే ఆటలో కలిసి ఆడే మా జట్టులో, చాలామంది నమ్మకం. అది నిజం కాదు. డబ్బు తీసుకోకపోవడం మన వైపు ఒక వాదన అవుతుంది, అంతే.

నా బాధకు అచ్చంగా సరిపోయే కేసు ఇంకా పాతది. 2004 నవంబరులో కామిక్స్ కంపెనీ మార్వెల్ ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆన్‌లైన్ ఆట వాళ్ల మీద దావా వేసింది. పాత్ర రూపం తయారుచేసుకునే మీ క్యారెక్టర్ క్రియేటర్‌తో ఆటగాళ్లు మా హీరోలను నకలు చేస్తున్నారు, ఆ సాధనం ఇచ్చిన మీదే బాధ్యత అని. 2005 మార్చిలో జడ్జి, సాక్ష్యంగా పెట్టిన పాత్రల్లో కొన్నింటిని పక్కన పెట్టేశాడు. వాటిని తయారుచేసింది మార్వెల్ వాళ్లే! ట్రేడ్‌మార్క్ వాదనలు కొన్ని కొట్టేశాడు, కాపీరైట్ వాదన మాత్రం మిగిలింది. ఆ డిసెంబరులో రాజీ కుదిరింది. క్యారెక్టర్ క్రియేటర్‌ను మార్చాల్సిన పని పడలేదు.

చివరిదాకా తేలకపోయినా, ఆ కేసు నుంచి నాకు అర్థమైంది ఒకటుంది. కంపెనీకి భయం నిజమైనదే. ఫిర్యాదు వచ్చాక కదలకపోతే మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి రిపోర్ట్ రాగానే తీసేయడాన్ని నేను తప్పుపట్టను. ఎందుకో చెప్పకపోవడాన్నే తప్పుపడతాను. కోర్టులు ఎంత చిన్నదైనా కొలిచి చూస్తాయి. బాస్కెట్‌బాల్ ఆటలో లెబ్రాన్ జేమ్స్ వంటి ఆటగాళ్ల ఒంటి మీది టాటూల గురించి ఎన్‌బీఏ 2కే ఆట మీద కేసు నడిస్తే, తెర మీద ఆ టాటూలు అసలు పరిమాణంలో 4.4 నుంచి 10.96 శాతమే కనబడుతున్నాయని లెక్కగట్టి మరీ 2020లో ఆట కంపెనీ పక్షాన తీర్పిచ్చారు. 2022లో ఇంకో కోర్టులో, రెజ్లింగ్ ఆటలో చూపిన రెజ్లర్ రాండీ ఆర్టన్ టాటూల మీద జ్యూరీ టాటూ వేసినావిడ వైపు మొగ్గి 3,750 డాలర్లు ఇవ్వమంది. రెండు చోట్ల రెండు ఫలితాలు. అయినా ఏ బొమ్మ గురించి మాట్లాడుతున్నారో రెండు చోట్లా అందరికీ తెలుసు. నాకు తెలియదు.

ఆటగాళ్లకు ఆ మాత్రం చెప్పడం కంపెనీకి భారం కాదు. రిపోర్ట్ చదివినవాళ్ల ముందు నా పాత్ర బొమ్మ ఉండే ఉంటుంది. ‘ఛాతీ గుర్తు, ముసుగు’ అని రెండు మాటలు రాస్తే చాలు. వారం గడువిచ్చి, మార్చుకోమని చెప్పి, మార్చకపోతే అప్పుడు తీసేయొచ్చు. ఒక్క ముక్క కోసం ముఖం, గాటు, బూట్లు అన్నీ తుడిచేస్తే పదమూడేళ్ల పిల్లకు ఏం అర్థమవుతుంది? బొమ్మలు చేసుకోవడమే ప్రమాదం అనుకుంటుంది. మా గిల్డ్‌లో ఒకరు నాకు జరిగింది చూసి, తన పాత్రకు తానే ఆట ఇచ్చిన మామూలు దుస్తులు తొడిగేశారు. ఆ పాత్ర పూర్తిగా సొంత ఊహ. అది చూసినప్పుడు నాకు నా పాత్ర పోయినదానికంటే ఎక్కువ కష్టంగా అనిపించింది.

నిన్న నోట్‌బుక్కు తీసి మళ్లీ కూర్చున్నాను. ఎత్తు 62, భుజాలు 41, దవడ 18. గాటు ఎడమ కనుబొమ మీదికే వచ్చింది. ముసుగు తీసేశాను, ఆ నడివయసు ముఖం ఇన్నాళ్లకు పూర్తిగా కనబడుతోంది. పేరు మార్చాను. ఛాతీ మీద మాత్రం ఇంకా ఏమీ పెట్టలేదు. టికెట్ మళ్లీ తెరిచి, ఎనిమిది గీతలు ఉండొచ్చా కూడదా అని ఆ ఒక్క ముక్కే అడిగాను. జవాబు వచ్చేదాకా ఆ చోటు ఖాళీగానే ఉంచుతాను.