బంగారు తలుపు, ఏడు శాతం సందు

ఊరినుంచి అమ్మానాన్నలు దిగితే న్యూజెర్సీ తెలుగువాళ్ళు ఒక శనివారం లిబర్టీ విగ్రహానికి కేటాయిస్తారు. బ్యాటరీ పార్కు దగ్గర దారికి అడ్డంపడి టికెట్లు అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. వాళ్ళమ్మే పడవల్లో చాలావరకు విగ్రహాన్ని దూరంనుంచి చూపించి తిప్పి తెచ్చేస్తాయి, దీవిలో దింపవు. జెర్సీ సిటీలో లిబర్టీ స్టేట్ పార్కు నుంచి ఎక్కడమే సుఖం. కిరీటంలోకి వెళ్ళాలంటే చాలా ముందే బుక్ చేయాలి. పీఠం పైనుంచి ఇంకా 162 ఇరుకు మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ ఊసే వద్దు.

"అలసినవాళ్ళను, పేదవాళ్ళను నాకివ్వండి" అన్న మాటలు ఈ విగ్రహంతో పుట్టినవనుకుంటారు చాలామంది. కాదు. విగ్రహం ఫ్రాన్స్ ఇచ్చింది, పీఠం ఖర్చు మాత్రం అమెరికావాళ్ళది. ఆ చందాల కోసం పెట్టిన వేలానికి 1883లో ఎమ్మా లాజరస్ రాసిచ్చిన 14 పాదాల కవిత (సానెట్)లోవి ఆ మాటలు. ‘బంగారు తలుపు’ కూడా అందులోదే. రష్యాలో దాడులకు తాళలేక పారిపోయి వచ్చిన యూదు శరణార్థులకు ఆవిడ అప్పటికే సాయం చేస్తున్నారు, ఆ ‘పేదవాళ్ళు’ ఊహలోంచి రాలేదు. కవితలో రేవుకు అటూ ఇటూ ఉన్న జంట నగరాలంటే న్యూయార్క్, బ్రూక్లిన్. 1898 దాకా అవి వేర్వేరు ఊళ్ళు. 1886 అక్టోబరు 28న ఆవిష్కరణ సభలో ఈ కవితను ఎవరూ చదవలేదు. మరుసటి ఏడాది ఆవిడ 38 ఏళ్ళకే పోయారు. స్నేహితురాలు జార్జీనా స్కైలర్ పట్టువదలకపోవడంతో 1903లో కంచు ఫలకం మీద చెక్కించి పీఠం లోపల పెట్టారు. అందులోనూ ఒక కామా ఎగిరిపోయింది! "ఓ పాత దేశాల్లారా, మీ ఆర్భాటం మీరే ఉంచుకోండి" అనే పాదంలో ఇంగ్లీషులో ‘ఉంచుకోండి’ (Keep) అన్న మాట పక్కది. అది లేకపోతే ‘ఓ’ అన్న పిలుపే పోతుంది.

కవితకు ఏడాది ముందే, 1882లో, చైనా కూలీలకు తలుపు మూశారు. 1917లో మనకూ మూశారు. 1946లో ఏడాదికి 100 మంది భారతీయులన్నారు. మనకు అసలు తలుపు తీసింది 1965 అక్టోబరు 3న ఇదే విగ్రహం పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ వలస చట్టం మీద పెట్టిన సంతకం. ఇప్పుడు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతమే, అందులో భార్యాపిల్లలూ లెక్కే. క్యూ ఏళ్ళకేళ్ళు సాగడం అందుకే. ఈలోగా పిల్లలకు 21 నిండితే సాధారణంగా తల్లిదండ్రుల ఫైలులోంచి జారిపోతారు. హెచ్‌1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉద్యోగం పోతే, ఇంకో దారి చూసుకోడానికి చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు.

అమ్మానాన్నలకు మాత్రం దేశాల కోటా లేదు. బిడ్డ పౌరసత్వం తీసుకుని, 21 దాటి ఉంటే చాలు. కానీ పేదవాళ్ళను పంపమన్న దేశమే ఐ-864 అనే పోషణ పూచీ ఫారం మీద, ఇంట్లో తలల లెక్కన, పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపించమంటుంది. ఆ తలల్లో వచ్చే ఇద్దరినీ కలపడం మరిచి లెక్క తప్పేవాళ్ళున్నారు. ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే తోడుగా పూచీ పడే మరొకరి, సంతకం కావాలి. స్నేహితుణ్ణి అడిగేముందు సంగతి చెప్పండి: ఆ పూచీ ఏడాదికో రెండేళ్ళకో తీరదు, సాధారణంగా ఆ అమ్మానాన్నలకు పౌరసత్వం వచ్చేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ళ) పని లెక్క నిండేదాకా ఉంటుంది.