ఔస్ట్‌లో ఔట్ లేదు

ఇంగ్లీషులో గద్దె దింపడాన్ని ఔస్ట్ (oust) అంటారు కదా, ఇన్నేళ్లూ అది ఔట్‌కి తోబుట్టువే అనుకున్నా. ఏదో దేశంలో ప్రధానిని ఔస్ట్ చేశారని చదివితే, ఔట్ చేశారు, అంతేగా అని పేజీ తిప్పేసేవాణ్ణి. మొన్న కావలి కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర మా ప్లీడరుగారు కాగితాలు తిరగేస్తూ "మీ చిన్నాయన ఔస్టర్ అంటున్నాడయ్యా" అన్నారు.

తాత పొలం గొడవలెండి. ఉమ్మడి ఆస్తిని ఒక్కరే ఎన్నేళ్లు సాగు చేసుకున్నా చట్టం దృష్టిలో అది మిగతా వాటాదారుల తరఫున కూడా చేసినట్టే. కాదు, మీకిక్కడ హక్కే లేదు పొమ్మని బాహాటంగా తెగేసి చెప్పి 12 ఏళ్లు అనుభవించానని రుజువు చేసుకుంటే తప్ప సొంతమవదు. ఆ పొమ్మనడమే ఔస్టర్. మమ్మల్ని పొమ్మన్నదెప్పుడు, ఏటా సంక్రాంతికి బస్తా బియ్యం పంపాడే అంటే, "ఆ బియ్యమే మనకు సాక్ష్యం" అని నవ్వారాయన.

రాత్రి కూర్చుని డిక్షనరీలు తిరగేశా. ఈ మాట పుట్టింది సింహాసనాల దగ్గర కాదు, ఇలాంటి భూమి తగాదాల్లోనే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లోకి ఫ్రెంచి వచ్చింది, దాంతోపాటే ఇదీ. పదవుల సంగతి తర్వాత చేరింది. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ తీసెయ్యడాన్ని ఓతే అంటారు, ఎస్ మింగేసి దాని గుర్తుగా ఓ మీద చిన్న టోపీ పెట్టారు. ఇంకా వెనక్కి పోతే లాటిన్ 'ఓబ్‌స్టారే', అంటే అడ్డంగా నిలబడటం. ఆ 'స్టారే' మన స్థానం, స్థితి ఉన్న కుటుంబంలోదే. స్థానంలోంచి తోసేసే మాట లోపల స్థానమే ఉంది, చూశారా!

మనవాళ్లేమో ఉద్వాసన అంటారు. వినాయకుడి పూజయ్యాక మా అమ్మ విగ్రహాన్ని కాస్త కదిపి "పునరాగమనాయ చ" అంటుంది, అంటే మళ్లీ రావయ్యా అని. పేపర్లవాళ్లు మంత్రి పదవి ఊడినా ఇదే మాట రాస్తారు, మళ్లీ రమ్మనడం మాత్రం వదిలేస్తారు. అయినా 1984 ఆగస్టు 16న గద్దె దింపిన ఎన్టీఆర్ సరిగ్గా నెలకి సెప్టెంబరు 16న మళ్లీ ప్రమాణం చేయలేదూ?

వాయిదా వచ్చే నెల. ఒక గోతం మీద చిన్నాయన బొగ్గుతో మా నాన్న పేరు రాశాడట. అమ్మ దాన్ని పాత చీరలు మూటకట్టి అటకమీద పడేసింది, దించాలి.