క్యాపిటల్, స్మాల్ ఒకటేనా? డేటాబేస్ మార్చినప్పుడు నా అనుభవం

డాబాగార్డెన్స్‌లో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి బిల్లింగ్‌ను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కు మార్చే పని రుషికొండలోని మా ఆఫీసుకు వచ్చింది. డేటా అంతా ఎక్కింది, లెక్క సరిపోయింది. కొన్నాళ్లకు వాళ్ల గుమాస్తాగారు ఫోన్ చేశారు.

"గాజువాక షాపు కోడ్ కొడితే ఎవరూ లేరంటోందండీ. ఇలాంటివి దొరక్కపోతే కొత్త ఖాతాలు తెరిచేస్తున్నాం."

"ఎలా కొడుతున్నారు?"

"ఎప్పట్లాగే, చిన్నక్షరాల్లోనే."

టేబుల్‌లో ఆ కోడ్ క్యాపిటల్స్‌లో ఉంది. మైఎస్‌క్యూఎల్ 8.0 డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) పేరు చివర 'సీఐ' ఉంటుంది, అంటే కేస్ ఇన్‌సెన్సిటివ్: పెద్దక్షరం, చిన్నక్షరం దానికి ఒకటే. ఇన్నేళ్లూ పని సాఫీగా సాగింది దాని చలవే. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా అలా కుదరదు. కంప్యూటర్ లోపల పెద్ద 'ఏ' విలువ 65, చిన్న 'ఏ' విలువ 97. రెండూ వేరే. ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్‌ది ఇంకో తీరు: ఈక్వల్ (=) తో పోలిస్తే తేడా ఉంటుంది, లైక్ అనే పదంతో వెతికితే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండదు.

క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) పోలికకు రెండువైపులా లోయర్, అంటే చిన్నక్షరాలకు మార్చే ఫంక్షన్, పెడితే షాపు దొరికింది కానీ స్క్రీన్ నెమ్మదించింది. క్వెరీ ఎలా నడుస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ వేస్తే టేబుల్ మొత్తం చదువుతోంది. పాత ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) షాపు కోడ్‌ను ఉన్నదున్నట్టు పేర్చుకుంది, మనం అడిగేదేమో లోయర్ చేసిన విలువ. అందుకని లోయర్ చేసిన కోడ్ మీదే ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ ఇండెక్స్ కట్టబోయాను. డూప్లికేట్లు ఉన్నాయని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు.

అసలు కష్టం అక్కడే. గుమాస్తాగారు చెప్పిన కొత్త ఖాతాలు ఇవే. ఒకే షాపు బాకీ రెండు ముక్కలైంది: సగం బిల్లులు పెద్దక్షరాల కోడ్ కింద, సగం చిన్నక్షరాల కింద. లోయర్ చేసి, ఒకేలాంటివి ఒకచోట చేర్చే గ్రూప్ బై వేస్తే జంటలన్నీ బయటపడ్డాయి. వాటిని గుడ్డిగా కలిపేయడానికి నాకు మనసొప్పలేదు, అది జనం డబ్బు. గుమాస్తాగారి పక్కన కూర్చుని ప్రతి జంటకూ డ్రగ్ లైసెన్స్ నంబరు సరిచూశాం. సరిపోయిన చోట బిల్లులన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేదంటే ఏదీ కాదు) పాత ఖాతాకు మార్చి, కొత్తది తీసేశాం. ఆ తర్వాతే ఇండెక్స్ నిలబడింది, వేగమూ వచ్చింది.

పోస్ట్‌గ్రెస్‌లో అక్షరం సైజు పట్టించుకోని సైటెక్స్ట్ రకం కాలమ్ వాడి ఉంటే క్వెరీలు ముట్టుకోనక్కర్లేదు. అయినా ఏ కాలమ్‌కు ఏ నియమమో ఎదురుగా కనబడాలన్నది నా పట్టు. షాపు కోడ్‌కు అక్షరం సైజు చూడకూడదు. బ్యాచ్ నంబరు మాత్రం స్ట్రిప్ మీద అచ్చయినట్టే ఉండాలి, దాన్ని నేను ముట్టుకోలేదు.

తెలుగులో పెద్దా చిన్నా అక్షరాల్లేవు కదా, షాపు పేర్లతో గొడవ ఉండదనుకుంటాం. కానీ 'మెడికల్స్' తర్వాత కంటికి కనబడని, అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒక పేరులో ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే ఆ రెండూ వేరే. లోయర్ అక్కడ ఏమీ చేయలేదు. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసి దాచుతున్నాం. బిల్లు మీద అచ్చయ్యేది మాత్రం వాళ్లు కొట్టిన పేరే.