ఫస్టియర్ పిల్లల ఇంగ్లిష్ స్థాయి ఎలా తేలుస్తాం: నా అనుభవం

బీటెక్ ఫస్టియర్‌లో చేరిన పిల్లల ఇంగ్లిష్ ఎంతవరకు ఉందో చెప్పే కాగితం కాలేజీ చేతికి ఏదీ రాదు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు: గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అందులో ఇంగ్లిష్ లేదు. పైగా ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. ఇంటర్ ఇంగ్లిష్ మార్కులు చూడొచ్చు కదా అంటారు. వాటిలో చాలా భాగం చదివిన పాఠాల మీద, ముందే ఊహించిన ప్రశ్నలకు, గైడు చూసి బట్టీ పట్టిన జవాబులకు వచ్చేవే. తొంభై దాటిన ఇద్దరిలో ఒకరు ల్యాబ్ మాన్యువల్ తమంతట తామే చదువుకుపోతారు. రెండోవారికి స్కాలర్‌షిప్ నోటీసు చదివి తనకు అర్హత ఉందో లేదో తేల్చుకోవడమే కష్టం. ఈ తేడాను మొదటి నెలలో పట్టుకోకపోతే, మిడ్ పరీక్షలో మార్కులు రానప్పుడు ఫిజిక్స్ రాదనుకుంటాం. ఆ అబ్బాయికి ఫిజిక్స్ వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు.

మా విభాగం ఏటా 240 మంది ఫస్టియర్ విద్యార్థులకు ఈ స్థాయి పరీక్ష పెడుతుంది. నలుగురం లెక్చరర్లం కలిసి నడుపుతాం. చిన్న విభాగమైనా చేయగలిగిన పనే కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఎలా చేస్తామో రాస్తున్నాను.

పేపరు రాయడానికి ముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకుంటాం: ఈ మార్కులు చూసి ఏం చేయబోతున్నాం? మాకు కావలసిన నిర్ణయాలు మూడే. వెనకబడినవారిని అందుకునేలా చేసే బ్రిడ్జ్ కోర్సు, వారానికి నాలుగు పీరియడ్లు, ఎవరికి కావాలి, ఎవరికి మామూలు సిలబస్ చాలు, ఎవరికి ఇంకాస్త బరువైన పని ఇవ్వొచ్చు. మూడు గుంపులకు రెండు గీతలు చాలు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్ఆర్ అనే భాషా స్థాయిల కొలమానంలో, అన్నిటికన్నా కింది ఎ1 నుంచి పై సి2 దాకా ఆరు మెట్లున్నాయి. మేం వాడుకునేవి ఎ2కీ బి1కీ మధ్య గీత, బి1కీ బి2కీ మధ్య గీత. ఆరు మెట్లనూ ఒకే రెండు గంటల పేపరుతో కొలవాలని చూస్తే ఏ మెట్టు దగ్గరా సరిపడా ప్రశ్నలుండవు.

చాలా కాలేజీల్లో ఈ పని యాభై గ్రామర్ బిట్లతో అయిపోతుంది. దిద్దడం సులువే, కానీ నాలుగు ఆప్షన్లున్న యాభై బిట్లలో గుడ్డిగా టిక్కు పెట్టినా పన్నెండు పదమూడు కలుస్తాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చడం హైస్కూలు నుంచి చేయిస్తున్న పనే, అందులో నలభై తెచ్చుకున్న అమ్మాయి ఐదు వాక్యాల మెయిల్ రాయలేకపోవచ్చు. మా పేపరులో ఐదు భాగాలు, ఒక్కోదానికి 20 మార్కులు: సి-టెస్ట్, చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. మొదటి నాలుగూ ఒకే పూట రెండు గంటల్లో, మాట్లాడే పరీక్ష వేరే రోజుల్లో.

సి-టెస్ట్ మన దగ్గర ఎక్కువగా వాడరు గాని, తక్కువ టైములో దీనంత సమాచారం ఇచ్చేది నాకింకోటి కనిపించలేదు. డెబ్భై ఎనభై పదాల చిన్న పేరా తీసుకుంటాం. మొదటి వాక్యం, చివరి వాక్యం ముట్టుకోం. మధ్యలో ప్రతి రెండో పదంలో వెనక సగం తీసేస్తాం. పదంలో అక్షరాలు బేసి సంఖ్యలో ఉంటే తీసేసే భాగం ఒక అక్షరం పెద్దది. స్టూడెంట్ అనే మాటకు ఇంగ్లిష్‌లో ఏడు అక్షరాలు, మూడు ఉంచి నాలుగు తీస్తాం. పేర్లు, అంకెలు, ఒకే అక్షరం ఉన్న పదాలు వదిలేస్తాం. ఒక్కో పేరాలో 25 ఖాళీలు, నాలుగు పేరాలకు 100. వచ్చినదాన్ని ఐదుతో భాగిస్తే 20కి మార్కులు. పేరాకు ఐదు నిమిషాలు. సులువైనది ముందు, కష్టమైనది చివర. విషయం తెలిసినవాళ్లకు లాభం ఎక్కువ కాకుండా పేరాల అంశాలు వేరువేరుగా ఉండాలి. నాలుగూ క్రికెట్ గురించో, నాలుగూ కంప్యూటర్ల గురించో అయితే కొలిచేది ఇంగ్లిష్‌ని కాదు.

మన పిల్లలు ఈ రకం ప్రశ్న ఎప్పుడూ చూసి ఉండరు. కాబట్టి పరీక్షకు ముందు బోర్డు మీద రెండు వాక్యాలు చేసి చూపించాలి. లేకపోతే చాలామంది మొదటి పేరా టైమంతా ఏం చేయాలో అర్థం చేసుకోవడానికే ఖర్చు పెడతారు. స్పెల్లింగ్ విషయంలో నియమం ముందే రాసుకోవాలి. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ ఒప్పు. పదం సరైనదే అయి స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు, కానీ అలాంటివి పక్కన వేరే గుర్తుతో లెక్కపెడతాం. పదం తెలిసి స్పెల్లింగ్ రానివారికి నేర్పేది వేరు, పదమే తెలియనివారికి నేర్పేది వేరు.

చదివే భాగానికి మూడు ముక్కలు: ఒక నోటీసు, ఫస్టియర్ ఫిజిక్స్ పుస్తకంలో ఒక పేరా, ఒక పత్రికా వ్యాసం. ఇరవై ప్రశ్నలు, 35 నిమిషాలు. ప్రశ్నలో వాడిన మాటే పేరాలో ఉంటే పిల్లలు అర్థం చేసుకోకుండానే ఆ వాక్యాన్ని ఎత్తి రాసేస్తారు. అందుకే ప్రశ్నను వేరే మాటల్లో అడగాలి. పేపరు ఖరారు చేసే ముందు, పేరా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఒక సీనియర్‌కి ఇచ్చి చూస్తాం. పేరా చూడకుండా జవాబు చెప్పేసిన ప్రశ్న తీసేస్తాం.

వినే భాగంలో సగం డిక్టేషన్. మొదటిసారి మామూలు వేగంతో మొత్తం, రెండోసారి ఆరేడు పదాల ముక్కలుగా ఆగుతూ, మూడోసారి మళ్లీ మొత్తం. మిగతా సగం క్యాంపస్ అనౌన్స్‌మెంటు లాంటి రికార్డింగు, దానిమీద పది ప్రశ్నలు. ఇక్కడ పాడయ్యేది ప్రశ్నల వల్ల కాదు, గది వల్ల. అరవై మంది హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే చివరి బెంచీకి సగమే వినబడుతుంది. లాంగ్వేజ్ ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లతో పెట్టడం మేలు. అయితే బ్యాచ్‌లు చేయాలి, బ్యాచ్‌లంటే ప్రశ్నలు బయటికి పొక్కుతాయి. సమానమైన రెండు సెట్లు చేసి మార్చి మార్చి వాడతాం.

రాసే భాగం దగ్గర మాకు పట్టింపు ఎక్కువ. లీవ్ లెటర్ రాయమంటే 240 మందీ రాస్తారు. స్కూల్లో కంఠతా పట్టిందే కాబట్టి ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ దగ్గర అందరూ ఒక్కటే. బట్టీ పట్టిన మూసలో ఇమడని వివరాలు ప్రశ్నలోనే పెట్టాలి. ఒక ప్రశ్న ఇలా ఉంటుంది: ల్యాబ్ 4.30కి అవుతుంది, కాలేజీ బస్సు 4.20కి వెళ్లిపోతుంది, వారంలో రెండు రోజులు ఇదే పరిస్థితి. రవాణా విభాగం ఇన్‌చార్జికి మెయిల్ రాయండి, సమస్య చెప్పి రెండు పరిష్కారాలు సూచించండి. 120 నుంచి 150 పదాలు, 30 నిమిషాలు.

దీనికి వచ్చే జవాబుల్లో రెండు రకాలు చూపిస్తాను. ఒకటి: ‘అవర్ ల్యాబ్ ఈజ్ కంప్లీటింగ్ ఫోర్ థర్టీ బట్ బస్ ఈజ్ గోయింగ్ ఫోర్ ట్వెంటీ. ఇఫ్ బస్ వెయిట్ ట్వెంటీ మినిట్స్, ఆల్ స్టూడెంట్స్ విల్ గో.’ రెండోది: ‘విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్...’ అని మొదలై ‘ఐ షల్ బి హైలీ ఆబ్లైజ్డ్’ అని ముగుస్తుంది, మధ్యలో బస్సు ఎన్నింటికి వెళ్తుందో ఎక్కడా ఉండదు. మొదటిసారి దిద్దేవారు రెండోదానికే ఎక్కువ వేస్తారు. మా కొలమానంలో నాలుగు అంశాలు, ఒక్కోదానికి 5: అడిగిన పని జరిగిందా, వరుస, పదసంపద, వ్యాకరణం. మొదటి జవాబుకు పని జరిగినందుకు 4, వ్యాకరణానికి 2. రెండోదానికి వ్యాకరణంలో 4 ఇచ్చినా, పని దగ్గర 1 దాటదు. నాలుగు అంశాలూ విడివిడిగా వేయకుండా ఒకే గుండుగుత్త మార్కు వేస్తే ఈ తేడా కనిపించదు. నా లెక్కలో ముందుగా సాయం అందాల్సింది రెండోవారికి. మొదటివారికి ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు, టెన్సులు నేర్పితే సరిపోతుంది, చెప్పాల్సింది చెప్పడం వాళ్లకు వచ్చు.

ప్రతి కాగితాన్నీ ఇద్దరు దిద్దుతారు. 240 కాగితాలు, రెండుసార్లు, కాగితానికి నాలుగు నిమిషాలు అనుకుంటే 32 గంటల పని. నలుగురికి పంచితే తలా ఎనిమిది గంటలు. మార్కులు కాగితం మీద వేయకూడదు, వేరే షీటులో వేయాలి. మొదటివారి మార్కు కనిపిస్తే రెండోవారి చేయి దానివైపే పోతుంది. పని మొదలుపెట్టే ముందు పది కాగితాలు నలుగురం విడివిడిగా దిద్ది, తేడాలొచ్చిన చోట కొలమానం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటాం. ఇద్దరి మధ్య 20కి మూడు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోవారు చూస్తారు. చేతిరాత బాగుంటే తెలియకుండానే ఒక మార్కు పెరుగుతుంది, దీన్ని పైకి చెప్పుకుంటేనే తగ్గుతుంది. రోల్ నంబరు, సెక్షను మూసేయడం తప్పనిసరి. ఇరవై ఐదు కాగితాలయ్యాక మొదటి రెండింటిని మళ్లీ తీసి చూడాలి. అలసట వచ్చేసరికి కొందరి చేయి బిగుస్తుంది, కొందరిది వదులవుతుంది.

మాట్లాడే పరీక్షకు ఇద్దరిద్దరిని పిలుస్తాం, జంటకు పది నిమిషాలు. 120 జంటలకు 20 గంటలు, రెండు టేబుళ్ల మీద అయితే పదేసి గంటలు, అంటే రెండు రోజులు. ఒక్కో టేబుల్ దగ్గర ఇద్దరం: ఒకరు మాట్లాడిస్తారు, ఒకరు మౌనంగా మార్కులు వేస్తారు. రెండు పనులూ ఒకరే చేస్తే రెండూ చెడతాయి. పిల్లల అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చేస్తాం, అభ్యంతరం వస్తే మళ్లీ వినడానికి.

‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అడగం. ‘మైసెల్ఫ్ సో అండ్ సో, ఐ హెయిల్ ఫ్రమ్...’ అని అప్పజెప్పిన ముప్పై సెకన్లు దేన్నీ కొలవవు. రైతుబజారు ఫొటో ఒకటి ఇచ్చి ఏం జరుగుతోందో చెప్పమంటాం, తర్వాత దానిమీదే అనుబంధ ప్రశ్నలు. చివర జంటకు కలిసి చేసే పని: హాస్టల్‌కి ఒకే ఒక వసతి కల్పించే డబ్బుంది, నాలుగింటిలో ఏది ఎంచుకుంటారో మాట్లాడుకుని తేల్చండి. జంటలో ఒకరే మాట్లాడేస్తుంటే పరీక్షకులు రెండోవారి వైపు ప్రశ్న తిప్పాలి. గట్టిగా మాట్లాడే జతగాడు దొరికాడని మౌనంగా ఉండే అమ్మాయికి మార్కులు పోకూడదు. పరీక్ష అయినవారు మరో తలుపు గుండా వెళ్లాలి, లేదంటే రైతుబజారు సంగతి వరండా అంతా తెలిసిపోతుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘యెగ్’ అన్నా, ‘వోన్లీ’ అన్నా, పదం చివర చిన్న ఉకారం వినిపించినా మార్కు తగ్గించం. అర్థం కాకపోతేనే తగ్గుతుంది. సీఈఎఫ్ఆర్‌కి 2020లో వెలువడిన అనుబంధ సంపుటి కూడా ఉచ్చారణకు నేటివ్ స్పీకర్ని, అంటే ఆ భాష మాతృభాషగా ఉన్నవారిని, కొలబద్దగా పెట్టుకోవడం మానేసి, ఎదుటివారికి అర్థమవుతోందా అన్నదాన్నే ముందుకు తెచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల యాసకు మార్కులు కోసే పరీక్ష వాళ్లకు అన్యాయం చేస్తుంది.

మార్కులు ఎక్సెల్‌లోకి ఎక్కించాక ప్రశ్నల్ని కూడా పరీక్షించాలి. మొత్తం మార్కుల్లో పై 27 శాతం, కింది 27 శాతం విడదీస్తాం, 240లో ఒక్కో వైపు 65 మంది. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 52 మంది, కిందివాళ్లలో 20 మంది ఒప్పు రాశారనుకోండి, తేడా 32, దాన్ని 65తో భాగిస్తే 0.49. మంచి ప్రశ్న. 0.2 కన్నా తగ్గితే అనుమానించాలి. మైనస్ వస్తే జవాబుల కీ తప్పయినా అయ్యుండాలి, రెండు ఆప్షన్లు ఒప్పయినా అయ్యుండాలి. ఆ ప్రశ్న తీసేసి మార్కులు మళ్లీ లెక్కగట్టాకే గీతల సంగతి.

గీత ఎక్కడ గీయాలన్నది ‘యాభై పాస్’ అన్నట్టు తేల్చేది కాదు. ఆంగాఫ్ పద్ధతి వాడతాం. బి1కి సరిగ్గా అంచు మీదున్న పదిమంది విద్యార్థుల్ని ఊహించుకుని, ఈ ప్రశ్నకు వారిలో ఎంతమంది జవాబు రాస్తారో నలుగురం విడివిడిగా అంచనా వేస్తాం. ఆ అంచనాల సగటులు కూడి పదితో భాగిస్తే గీత వస్తుంది. ఆ గీత కూడా రాతి మీద గీసింది కాదు. మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 12, విశ్వసనీయత (పరీక్ష ఎంత నిలకడగా కొలుస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.84 అనుకుంటే, 1లోంచి 0.84 తీసేయగా మిగిలినదాని వర్గమూలం 0.4, కొలతలో దోషం 12ను దానితో హెచ్చిస్తే 4.8, అంటే దాదాపు ఐదు మార్కులు. గీత 45 దగ్గరుంటే 40 నుంచి 50 మధ్యలో ఉన్నవారిని అంకె చూసి గుంపులో పడేయం. వాళ్లు రాసిన మెయిల్, మాట్లాడిన రికార్డు మళ్లీ తీసి నిర్ణయిస్తాం.

పిల్లలకు ఇచ్చేది ఒక్క అంకె కాదు, ఐదు భాగాల పట్టిక. విదేశీ చదువులకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఇది ఎంత బ్యాండ్ (స్కోరు) అని తప్పకుండా అడుగుతారు. మార్చి చెప్పం. అందులో రైటింగ్ ఒక్కటే గంటసేపు, 150 పదాలదొకటి, 250 పదాలదొకటి. మన ముప్పై నిమిషాల మెయిల్ చూసి ఆ బ్యాండ్ ఊహించి చెబితే, విదేశాలకు అప్లై చేసే పిల్లల్ని తప్పుదారి పట్టించినట్టే. గుంపులకు ఎ, బి, సి అని పేర్లు పెట్టం, గది నంబర్లతోనే పిలుస్తాం. మొదటి రెండు వారాల్లో గుంపు మారడానికి వీలుంటుంది.

ప్రశ్నపత్రాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటాం. ఒక సి-టెస్ట్ పేరా ప్రతి ఏడూ మార్చకుండా ఉంచుతాం, ఈ ఏటి బ్యాచ్‌ని నిరుటి బ్యాచ్‌తో పోల్చడానికి అదే ఆధారం. సెమిస్టర్ చివర రెండో సెట్‌తో మళ్లీ పరీక్ష ఉంటుంది. రెండు కొలతల్లోనూ దోషం ఉంటుంది కాబట్టి తేడాలో దోషం 4.8కి 1.41 (రెండు వర్గమూలం) రెట్లు, దాదాపు ఏడు. ఒక అబ్బాయి మార్కులు నాలుగైదు పెరిగితే బ్రిడ్జ్ కోర్సు పనిచేసిందని రాసుకోం. ఏడు దాటినా అతని రెండు మెయిళ్లూ పక్కపక్కన పెట్టి చదివాకే గుంపు మారుస్తాం.